రహస్యసంఘములును సౌభ్రాత్రమును

గత కార్తికమాసమున నొక సాయంకాలము బెజవాడలో కృష్ణ యొడ్డున నడచుచుండగా, న్యాయవాదవృత్తియందు ప్రవేశించి కొలది సంవత్సరములైన యొక యువమిత్రుడు నన్నిట్లడిగెను: "అయ్యా, నేను మిక్కిలి గౌరవించు పెద్దమనిషి యొకరు ఫ్రీమేసను సంఘమునందు సభ్యులు. నేనును అందు చేరవలెనని కోరుచున్నాను. అయితే చేరువాడు తనకు ముందుగా తెలియనిదానిని దాచెదనని ప్రమాణము చేయవలయునట. నా భార్యకు సైతము చెప్పరాని మాట నాకొకటి యుండుట ధర్మమేనా? మీరేమందురు?" ఆ ప్రశ్నకు నేనప్పుడు తగిన ప్రత్యుత్తర మీయజాలనైతిని. పిమ్మట నాలోచింపగా తోచినదానిని ఇచ్చట విన్నవించుచున్నాను. ఇట్టి సందేహము మరికొందరు విద్యావంతులకును కలుగవచ్చును గదా.

ఈ సంఘమెట్టిదో మొదట తెలిసికొందము. మధ్యయుగమున ఇంగ్లాండు, స్కాట్లాండు దేశములలో కోటలను, దేవాలయములను కట్టిన తాపీపనివారు పనిచోట వేసికొను పాకకు లాడ్జి యని పేరు. కాలక్రమమున ఆ వృత్తితో సంబంధము లేని గృహస్థులును అందు చేరిరి. రాతికట్టడము పోయి శీలమును కట్టుకొనుట వారి యుద్దేశమయ్యెను. పనిముట్లు మాత్రము చిహ్నములుగా నిలిచెను. మూలమట్టము ఋజువర్తనమును, వృత్తలేఖిని యాత్మనిగ్రహమును, రసమట్టము మనుష్యుల సమానత్వమును, తూకపుగుండు సత్యనిష్ఠను బోధించునని వారందురు. 1717 సంవత్సరమున లండనునందలి నాలుగు లాడ్జీలు కలిసి గ్రాండులాడ్జిగా నేర్పడెను. 1730 ప్రాంతమున కలకత్తాలోను, 1752 లో చెన్నపట్టణములోను లాడ్జీలు వెలసెను. స్వాతంత్ర్యానంతరము 1961 నవంబరు 24వ తేదీన ఢిల్లీలో భారతదేశపు గ్రాండులాడ్జి స్థాపింపబడెను. దక్షిణప్రాంతపు లాడ్జీలకు నేటికిని చెన్నపట్టణమే కేంద్రము.

తెలుగునేలపై వీరి ప్రసిద్ధస్థానము హైదరాబాదునందలి గోషామహల్ బారాదరి. బెజవాడవారికి ఇంద్రకీలాద్రి పాదముననున్న అక్కన్న మాదన్నల గుహలు తెలియనివి కావు. ఆ మంత్రుల ప్రభువగు తానీషా కట్టించిన మందిరమే యది. 1872 సంవత్సరమున మేసనుల స్వాధీనమయ్యెను.

ఇక చేరు విధానము. ఎవరినిగాని బలవంతపెట్టి చేర్చుకొనుట వారి యాచారము కాదు, కోరువాడే యడుగవలయును. ప్రాయము నిండిన పురుషుడై, మంచిపేరు గలవాడై, పరమేశ్వరుడొక్కడు గలడని నమ్మువాడై యుండవలయును. ఆ యీశ్వరునే నామముతో నర్చించునదియు వారడుగరు. 'విశ్వశిల్పి' యను మాటతో వారు సరిపెట్టుకొందురు. ఇద్దరు సభ్యులు అభ్యర్థి పేరును ప్రతిపాదించి బలపరుపవలయును. కొందరు పెద్దలు అతనిని పిలిచి మాటలాడి, అతని నడవడిని, సంపాదనను, ఇంటివారి యభిప్రాయమును విచారింతురు. చందాలు కట్టుటచేత ఆలుబిడ్డలకు లోటు రాకూడదని వారి నియమము. పిమ్మట సభలో పెట్టెలో గోళీలు వేయుదురు. తెల్లగోళీ సమ్మతికిని, నల్లగోళీ యసమ్మతికిని గుర్తు. నల్లగోళీలు కొద్దిగా పడినను ప్రవేశము లేదు. వేసినవారెవరో, ఎందులకు వేసిరో యెవరును చెప్పనక్కరలేదు.

అంగీకరింపబడినవానికి కన్నులకు గంతలు కట్టి, ఒంటిమీద నాణెముగాని నగగాని లేకుండ లోపలికి కొనిపోవుదురు. ధనికుడైనను రిక్తహస్తుడై నిలిచిన గడియ యొకటి అతనికి జ్ఞాపకముండవలెనని దీని భావము. తన మతగ్రంథముపై చేయినుంచి అతడు ప్రమాణము చేయును. మనదేశపు లాడ్జీలలో వేదికపై గీత, ఖురాను, బైబిలు, గ్రంథసాహెబు ప్రక్కప్రక్కన నుండుట కలదు. దీక్షలో మూడు మెట్లు గలవు. పిమ్మట నియమితదినములందు సభకు హాజరగుట, చందా చెల్లించుట, ధర్మకార్యములకు తోడ్పడుట, సంఘపు పదవులను వంతువంతున మోయుట సభ్యుని విధులు. మతవివాదమును, రాజకీయవివాదమును లోపల నిషిద్ధములు.

ఇంతవరకు దూషింపదగినది యేమియు కానరాదు. అయితే సోదరభావమును బోధించు సంఘముసైతము తన ద్వారమువద్ద నెట్లు ప్రవర్తించినదో చరిత్ర చెప్పుచున్నది. ఆర్కాటు నవాబు కుమారుడగు ఉమ్దతుల్ ఉమరాను 18వ శతాబ్దమునందే చేర్చుకొన్నవారు, బొంబాయి పార్సీయగు మానెక్జీ కర్సెట్జీని చేర్చుకొనరైరి. ఆయన పారిసునగరమునకుబోయి దీక్ష పొందవలసివచ్చెను. హిందువులు బహుదేవతారాధకులనియు, కులభేదములు గలవారనియు వంగదేశమున ననేకసంవత్సరములు తలుపులు మూసియుంచిరి. ప్రసన్నకుమార దత్తుగారు పట్టువిడువక పోరాడి 1872 సంవత్సరమున ప్రవేశము పొందిరి. పండ్రెండేండ్లలో, 1884 సంవత్సరమున, నరేంద్రనాథ దత్తు, అనగా పిమ్మటి వివేకానందస్వామి, కలకత్తాలోనే యొక లాడ్జియందు సోదరుడయ్యెను. రసమట్టము వేదికపై నున్నంతమాత్రమున కొలుచువాని కన్ను సరియగునని నమ్మరాదు. ఈ లోపము వారిదే కాదు, ద్వారము గల ప్రతిసంఘమునకును గల లోపము.

ఇప్పుడు నా మిత్రుని మొదటి సందేహమునకు వత్తము. తెలియనిదానిని దాచెదనని ప్రమాణము చేయవచ్చునా? ఎట్టి షరతును లేని ప్రమాణమైనచో కూడదు. ఏలయన, దాచినది పరులకు కీడుచేయునదైన యెడల మాట తప్పుటయే ధర్మమగును. ధర్మముకొరకు తప్పవలసివచ్చునేమో యని తెలిసియు ప్రమాణము చేయుట ముందే యసత్యమాడుట. కాని ఈ సంఘమువారు ప్రమాణమునకు ముందు అభ్యర్థికొక మాట నిచ్చెదరు: ఈ ప్రతిజ్ఞలో దేశచట్టమునకుగాని, నీతికిగాని, నీ మతవిధులకుగాని విరుద్ధమైనదేదియు లేదని. ఆ మాట పైననే ప్రమాణము నిలిచియున్నది. ప్రతిజ్ఞ తప్పినవానికి భయంకరమైన శారీరకదండనలను చెప్పు పురాతనవాక్యములను ఇంగ్లాండువారు 1986 సంవత్సరమున ప్రమాణమునుండి తొలగించిరి. భయము లేక నిలువని సత్యము సత్యము కాదని గ్రహించుటకు వారికి రెండువందల యేండ్లకు పైగా పట్టినది.

మరి దాచునదియేమి? ఒకరినొకరు గుర్తించుకొను సంకేతములే తమ రహస్యములని వారే చెప్పుదురు. దీక్షావిధానము 1730 లోనే లండనులో నచ్చుపడెను. బజారులో దొరకుదానిని దాచుట హాస్యాస్పదము గాదా యని కొందరందురు. నాకట్లు తోచలేదు. పదుగురకు తెలిసినదానిని సైతము, తాను మాట యిచ్చెను గనుక, చెప్పకుండుట వాఙ్నియమమునకొక యభ్యాసము. నడిరేయి కక్షిదారుడు చెప్పికొన్న గోడును ఇంటివద్ద పలుకని న్యాయవాదికి, రోగి స్థితిని వీధిలో చెప్పని వైద్యునికి భార్యయెదుట రహస్యము గలదు. అది దాంపత్యద్రోహము కాదు.

అయినను ఒక భేదమును మరువరాదు. తిరుక్కోట్టియూరులో రామానుజుల కథ మన యిండ్లలో చెప్పుకొనునదే. గురువు చెవిలో నుపదేశించి యెవరికిని చెప్పరాదన్న మంత్రమును ఆయన గోపురమెక్కి యెల్లరకు వినిపించెనని, తనకు నరకము ప్రాప్తించినను పెక్కుమంది తరింతురుగదా యనెనని ఐతిహ్యము. లోకమునకు మేలుచేయు జ్ఞానమును దాచుట పాపము. చేతిగుర్తును దాచుట పాపము కాదు. తమ సంఘములో నేర్చినదేది గొప్పదని సభ్యుడు తలంచునో, ఆ సత్యమును, ఆ దయను, ఆ సమభావమును అతడు గోపురమెక్కి చాటవలసినవాడే, అదియు నోటితో గాక నడవడితో.

రెండవ ప్రశ్న దీనికంటె కఠినమైనది. గోళీలు వేసి యెన్నుకొన్న సోదరుడు సోదరుడేనా? అన్నదమ్ములను మనమెన్నుకొనలేదు. పల్నాటిలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినప్పుడు పంక్తిలో కూర్చుండుటకు చీటి యడిగినట్లు వినలేదు. ఎన్నుకొన్నవారితో నుండునది స్నేహము. స్నేహము మంచిదే, దానికి తలుపు లుండవచ్చును. సౌభ్రాత్రమునకు తలుపు లుండరాదు. కావున లాడ్జిని సౌభ్రాత్రమనక, సౌభ్రాత్రమును సాధనచేయు తాలింఖానా యనుట న్యాయము. కసరత్తు లోపల జరుగును. బలమును చూపవలసినది వెలుపల.

ఇచ్చటనే మిక్కిలి జాగరూకత వలయును. మన డెల్టాపట్టణములలో నధికారియు, గుత్తేదారును, వకీలును, వర్తకుడును ఒకే బల్లవద్ద భుజించినచో, మరునాడు కచేరిలో ఆ భోజనము జ్ఞప్తికి వచ్చును. సంఘపు నియమములు లాభాపేక్షతో చేరుటను నిషేధించుచున్నవి. కాని నియమము కాగితముమీదిది, మొగమాటము రక్తములోనిది. కాలువ చివరనున్న రైతు నీళ్లకొరకు వచ్చి నిలిచినప్పుడు, సోదరుని యర్జీని పైన పెట్టి రైతు యర్జీని క్రింద పెట్టినవాడు, వేయిమారులు రసమట్టమును ముద్దిడినను దీక్షాభ్రష్టుడే.

స్త్రీలమాట యొకటి మిగిలినది. ఈ సంఘము నేటికిని పురుషులకే. ఇరువురకును ద్వారము తెరచిన శాఖ 1893 సంవత్సరమున పారిసులో పుట్టెను. 1902 లో అనీబిసెంటమ్మగారు దానిలో చేరి మనదేశమునకు తెచ్చిరి. ఇంగ్లాండులో స్త్రీలకే ప్రత్యేకమైన సంఘములును 20వ శతాబ్దారంభమునుండి గలవు. సగము మానవజాతిని వెలుపల నుంచుట ప్రాచీనాచారమను సమాధానము నాకు తృప్తినీయలేదు. ఆచారమను మాటతో మనమెన్ని యన్యాయములను సమర్థించుకొంటిమో మనకు తెలియును.

కాబట్టి నా మిత్రునకు నేను చెప్పునది యిది. నాయనా, అర్జీపై సంతకము చేయుటకు ముందు మూడుమాటలు నిన్ను నీవే యడుగుము. నీవు చేరునది మనుష్యులకొరకా, పరిచయములకొరకా? నీ సోదరుడును అపరిచితుడును నీ యెదుట నొక్కసారి నిలిచినప్పుడు ఇరువురకు నొకే కొలత పెట్టగలవా? నీవే పెట్టెయెదుట నిలిచిననాడు, కులమునుబట్టిగాని పగనుబట్టిగాని నల్లగోళీ వేయకుండగలవా? చీకటిలో, ఎవరును చూడనప్పుడు, వేళ్లు చేయు న్యాయమే మనుష్యుని నిజమైన న్యాయము. ఈ మూటికిని నిర్మలముగా ఔనని చెప్పగలిగిన యెడల చేరుము. చెప్పలేనిచో చేరకుండుటయే మేలు.

నీ భార్యవద్ద సంకేతమును దాచవచ్చును గాని, చేరుచున్నానన్న సంగతిని, ఎందులకో ఆ కారణమును దాచవలదు. ఆమెతో ముందుగా మాటలాడుము. చెప్పుటకు సిగ్గుపడు కారణమొకటి నీకున్నయెడల, ఆ సిగ్గే నీకు చాలిన ప్రత్యుత్తరము.