దుప్పటి ఎక్కడుంది?

క్రోషే దుప్పటిని చాలామంది ముక్కలుగానే మొదలుపెడతారు. నాలుగు గొలుసు కుట్లు వేసి చుట్టగా కలిపి, ఆ కన్నంలోంచి మూడేసి కుట్ల గుత్తులు నాలుగు తీస్తే మొదటి వరస. గుత్తుల మధ్య గొలుసు వదిలిన చోట మూలలు తేలతాయి. ఇలాంటి చదరాలు నూరు అల్లి బుట్టలో వేశారనుకుందాం. ఇప్పుడు దుప్పటి ఉందా?

మన తత్వవేత్తలు శతాబ్దాలు వాదించుకున్న ప్రశ్న ఇది. బౌద్ధ గ్రంథం ‘మిలిందపన్హ’లో భిక్షువు నాగసేనుడు మిలింద రాజును అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రం రథమా? రథమన్నది భాగాలను బట్టి వచ్చిన పేరేనని చివరికి తేలుతుంది.

న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోలేదు. అవయవాలు (భాగాలు) వేరు, అవయవి (మొత్తం) వేరు అన్నారు. న్యాయసూత్రాల్లోని ఒక యుక్తి ఎవరి ఇంట్లోనైనా చేసి చూడదగ్గది: ఒక కొస పట్టి లాగితే మొత్తం వస్తుంది. బుట్టలోని చదరాన్ని లాగితే అదొక్కటే వస్తుంది; దుప్పటి మూల లాగితే నూరూ కదులుతాయి.

అది అతుకు బలమే కదా అనవచ్చు. నిజమే. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ ఆ అతుకుకు గౌరవప్రదమైన చోటిచ్చింది. బట్టకు దారాలు సమవాయి కారణం, అంటే అది దేనితో ఏర్పడిందో అది; దారాల కలయిక అసమవాయి కారణం, అంటే ఆ దారాలను బట్టగా నిలిపేది; మగ్గం వంటివి నిమిత్త కారణం, అంటే తయారీకి తోడ్పడేవి. కలయికను దారాల్లో కలిపేయకుండా విడిగా లెక్కించడం ఎంత నిశితమైన చూపు!

నరసాపురం క్రోషే లేసుపనిలోనూ ఆ లెక్క ఉంది. ముక్కలు అల్లేది చేతిపని, కలిపేది అతుకుపని. అతుకుపని చేసే ఆమె రెండు అంచులు పక్కపక్కన పట్టుకుని, కన్నానికి కన్నం సరిచూసి దారం బిగిస్తుంది. బిగువెక్కువైతే ముడతలు పడతాయి, వదులైతే సందులు తేలతాయి.