ఎడమ చెవి

మా నెల్లూరు వైపు సైలెన్సర్ అంటే అందరికీ బుల్లెట్ బండే గుర్తొస్తుంది. కుర్రాళ్ళు కంపెనీ ఇచ్చినదాన్ని పీకేసి, వీధి అదిరేలా మోగే గొట్టం ఒకటి బిగించుకుంటారు. పోలీసులు అలాంటివాటిని పట్టుకొచ్చి రోడ్డు మీద పరిచి రోలరు కింద తొక్కిస్తారు. చప్పుడు పెంచే గొట్టాన్ని కూడా సైలెన్సర్ అనే పిలవడం మనకే చెల్లింది.

తుపాకి సైలెన్సర్‌ను మాత్రం మనం సినిమాల్లోనే చూశాం. విలన్ నింపాదిగా గొట్టం మూతికి ఇంకో గొట్టం తిప్పి బిగిస్తాడు, ‘టుప్’ మంటుంది, పక్కగదిలో ఉన్నవాళ్ళకు కూడా తెలియదు. నిజంగా అంత మెత్తగా ఉండదట. తూటా పేలినప్పుడు వేడి వాయువు ఒక్కసారిగా బయటికి తన్నుకురావడమే ఆ మోత. సైలెన్సర్ లోపల అరలు అరలుగా ఉంటాయి. వాయువు ఒక్కో అరలో వ్యాపించి, కాస్త చల్లబడి, నెమ్మదించి బయటపడుతుంది. కుక్కర్ మూత ఒక్కసారిగా తీయకుండా ఆవిరిని కొంచెం కొంచెంగా వదిలినట్టు. రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దాకా ఉంటే, ఇది ఇరవై నుంచి ముప్ఫై అయిదు దాకా తగ్గిస్తుంది. అప్పటికీ అది మోతే. పైగా గుండు ధ్వని కన్నా వేగంగా పోతే గాలిలో కొరడా చరిచినట్టు ఇంకో శబ్దం పుడుతుంది. దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు.

తుపాకి సైలెన్సర్‌కు 1909లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది హైరమ్ పెర్సీ మాక్సిమ్. ఆయన తండ్రే మాక్సిమ్ మెషిన్ గన్ కనిపెట్టినాయన. ఏళ్ళ తరబడి ఆ తుపాకుల పక్కన నిలబడి తండ్రి వినికిడి పోగొట్టుకున్నాడు. కొడుకు చప్పుడు తగ్గించే గొట్టం చేశాడు. ఇంట్లో ఒకరి చెవి పోయాక ఇంకొకరికి బుద్ధి పుట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

నార్వే, ఫిన్లాండ్, న్యూజిలాండ్ లాంటి చోట్ల వేటగాళ్ళు దీన్ని మామూలుగా వాడతారు. వేటగాడి చెవికి మంచిది, వెంట వచ్చిన కుక్క చెవికి మంచిది, అడవి అంచున ఇల్లున్నవాడి నిద్రకూ మంచిది. అక్కడ అది మర్యాద. మన ఆయుధాల నిబంధనల్లో మాత్రం తుపాకి చప్పుడు తగ్గించే సరంజామా నిషేధించిన ఆయుధాల వరసలోనే ఉంది. 1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణ వచ్చాక ఇక సరదా వేటకే చోటు లేదు. కాబట్టి వేట రైఫిల్‌కు సైలెన్సర్ ఉండాలా వద్దా అన్న తర్కం ఇక్కడ మనకు అక్కర్లేనిది. అయినా కొంతకాలంగా నా బుర్రలో అదే తిరుగుతోంది. కారణం పులికాట్ సరస్సు పక్కన ఒక పల్లెలో కలిసిన పెద్దాయన.

కుర్చీ లాగి కూర్చోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. “ఈ పక్కకు రా అబ్బయా, ఆ చెవికి ఇనపడదు.” ఎడమ చెవి. చట్టం రాకముందు, వయసులో ఉన్నప్పుడు, తన నాయన తాలూకు రెండు గొట్టాల తుపాకితో సరస్సు మీద బాతుల్ని కొట్టేవాడట. తుపాకిని కుడి భుజానికి ఆనిస్తే తల వాలి కుడి చెవి కొంత చాటుకు పోతుంది, ఎడమ చెవి గొట్టం మూతి వైపు తిరుగుతుంది. కుడిచేతి వేటగాళ్ళకు ముందు పోయేది అదే. మాక్సిమ్ గొట్టం సంగతి చెప్పాను. ఆయన ఇది ఉండుంటే నా చెవి దక్కేది కదా అంటాడనుకున్నాను. కాసేపు ఆలోచించి వేరే మాట అన్నాడు.

“పేలిస్తే ఊరికంతా తెలిసిపోయేది. ఇంటికొచ్చే లోపల గుమ్మం ముందు నలుగురు. రెండు బాతులు పడితే ఒకటి అట్నే పోయేది. పడకపోతే నవ్వేవాళ్ళు. వలేసేవాడికి ఆ బాధ లేదు. ఆడెన్ని పట్టాడో ఆడికీ ఆ నీళ్ళకే తెలియాల.”

ఆయన వేటను నేను మెచ్చుకోవడం లేదు, ఆయనా మెచ్చుకోలేదు. కానీ ఆ గుమ్మం ముందు నిలబడ్డ నలుగురు నన్ను వదలడం లేదు. తుపాకి మోత ఒక చాటింపు. ఫలానా చోట ఫలానావాడు ఒక ప్రాణం తీశాడు, రండి, అడగండి, వాటా తీసుకోండి, తిట్టండి అని చెప్పే చాటింపు. ఆ మోత ఆయన చెవి తీసుకుంది, లెక్క మాత్రం దాచనివ్వలేదు. వలకు, ఉచ్చుకు, విషం కలిపిన గింజలకు అలాంటి చాటింపు లేదు. అడవిపందుల కోసమని చేల చుట్టూ లాగే కరెంటు తీగకూ లేదు. ఆ తీగ తగిలి మనుషులు పోయిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఈ కోస్తాలో చప్పుడు లేకుండా జరిగిన పనులు ఇంకా ఉన్నాయి. తొంభైలలో రొయ్యల గుంటలు తవ్వినప్పుడు యంత్రాల మోత అందరూ విన్నారు. ఉప్పు మాత్రం మోగలేదు. పక్కవాడి చేలోకి, ఊరి మంచినీళ్ళ బావిలోకి భూమి అడుగు నుంచే నడిచి వెళ్ళింది. నీళ్ళు నోట పోసుకుంటే గానీ తెలియలేదు. తీరంలో రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబరులో వచ్చింది. అప్పటికి ఎన్నో బావులు ఉప్పుబారాయి.

అదే తీరంలో, అందరికన్నా పెద్ద మోత చేసేది శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ లేచింది మొదలు, సూళ్ళూరుపేట కిటికీలకు అది అలవాటే. ఆ మోతకు ఒక పద్ధతుంది. తేదీ చెబుతారు, నిమిషం చెబుతారు, జాలర్లను ఫలానా రోజు సముద్రంలోకి పోవద్దంటారు. అంత చప్పుడు చేసేవాడు అంతగా చెప్పి చేస్తాడు. (అదే దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు ఊళ్ళు వదిలి కదిలినప్పుడు ఎంత చప్పుడైందో, ఎవరికి వినపడిందో, అది వేరే కథ.)

నాకు ఇదంతా ఎందుకు పట్టిందో చెప్పాలి. మా ప్రహరీగోడ పక్కన వేపచెట్టు ఉండేది. మాదే. ఆకులు మా మేడ మీద రాలేవి, నీడ పక్కింటి అక్క బట్టలుతికే బండ మీద పడేది. కొట్టించాలని ఏడాదిగా అనుకుంటున్నాను. అడిగితే వద్దంటుందని తెలుసు. సంక్రాంతికి వాళ్ళు ఊరెళ్ళారు. భోగి మర్నాడే రంపం మిషను తెప్పించాను. పండగపూట పనికి మనిషిని ఒప్పించడానికి రెట్టింపు కూలి ఇచ్చాను. మిషను మోత వీధి చివరిదాకా వినపడింది. నేను బిగించిన సైలెన్సర్ పక్కింటి తాళం.

నాలుగు రోజులకు ఆమె వచ్చింది. బండ మీద ఎండ చూసి కాసేపు నిలబడింది.

“చెట్టు కొట్టించావా నాయనా?”

“అవునక్కా. ఆకులు...”

“చెప్పుంటే ఒకసారి చూసుకునేదాన్ని గదా.”

అంతే. పోట్లాడి ఉంటే నా దగ్గర జవాబులున్నాయి. చెట్టు నాదన్న కాగితం కూడా ఉంది. ఆమె అడిగింది చెట్టును కాదు, నేను ఎగ్గొట్టిన ఆ ఒక్క చూపును.

అప్పటి నుంచి నా చప్పుళ్ళను కొంచెం గమనించుకుంటున్నాను. పొద్దున్నే గేటు మెల్లగా తీస్తాను, ఎదురింట్లో ముసలాయన పడుకుని ఉంటాడు కాబట్టి. అది నార్వే వేటగాడి గొట్టం లాంటిది. అన్నదమ్ములకు చెప్పకుండా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళొచ్చేవాడూ గేటు మెల్లగానే తీస్తాడు. బయటనుంచి చూస్తే రెండూ ఒకటే. తేడా తీసేవాడికే తెలుస్తుంది. తెలియనట్టు ఉండడానికి మనిషి ఎంత కష్టపడతాడో నాకు ఆ పండగ రోజు అనుభవంలోకి వచ్చింది.

మోత మేలు చేసిన చోటూ ఒకటుంది. దక్షిణాన, చెంగల్పట్టు జిల్లాలో వేడంతాంగల్ అని ఒక చెరువు ఉంది. తమిళంలో ఆ పేరుకు అర్థం వేటగాడి పల్లె. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో తెల్ల సిపాయిలు వచ్చి ఆ చెరువు కొంగల్ని సరదాకు కాల్చేవాళ్ళు. పక్షుల రెట్టలు కలిసిన నీళ్ళు పొలాలకు ఎరువని తెలిసిన రైతులు వెళ్ళి కలెక్టరుతో మొరపెట్టుకున్నారు. 1798లో, లయనల్ ప్లేస్ కలెక్టరుగా ఉన్నప్పుడు, ఆ పక్షులకు రక్షణ దొరికింది. ఆ సిపాయిల తుపాకులకు మూతి గొట్టాలుంటే రైతులు పొలాల్లోంచి తలెత్తేవాళ్ళా అని నాకు అనుమానం. కొడుకు మాక్సిమ్ పుట్టడానికి అప్పటికి ఇంకా డెబ్బై ఏళ్ళుంది, కొంగల అదృష్టం.

మొన్న జనవరిలో నేలపట్టు వెళ్ళాను. చాలాకాలం నెల్లూరు జిల్లాదే, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. చెరువులో నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టుకుని ఉన్నాయి. పెద్ద పక్షులు దాదాపు మూగవి. నత్తగుల్ల కొంగలైతే గొంతెత్తకుండా ముక్కులు టకటకా కొట్టుకుంటాయి, అంతే. చెరువంతా వినిపించే ఆ గోల పిల్లలది, ఆకలిది. మంచె మీద నేనున్నంతసేపూ అది ఆగలేదు.

అక్టోబరు నుంచి మార్చి లోపల వీలు చూసుకుని వెళ్ళండి. దొరవారిసత్రం దగ్గర హైవే దిగాక బండి హారన్ మాత్రం కొట్టకండి.