పళ్లెంలో మాను

"పెద్ద మాను కావాల్సిన దాన్ని పళ్లెంలో కట్టి పెట్టుండావే నాయనా, దానికి నొప్పి ఉండదా?" అని పక్కింటి అవ్వ అడిగి నాలుగేళ్లయింది. అప్పుడు నా చేతిలో కత్తెర ఉంది, నోట్లో సమాధానం లేదు.

ఆ మొక్కను నేను కొనలేదు. మా మిద్దె పిట్టగోడ పగుల్లో తనంతట తానే మొలిచింది. నెమలినార అది. శేషాచలం కొండల దిగువన, ఊళ్ల వెంబడి తోపుల్లో కనిపించే చెట్టే. ఆకు నలిపితే చెడువాసన. చలికాలం పోయేవేళకు ఆకంతా రాల్చి బోడిగా నిలబడుతుంది. ఎండలు ముదిరేసరికి బిళ్లల్లాంటి కాయలు గుత్తులు గుత్తులుగా ఎండి ఉంటాయి. ఒక్కో బిళ్లలో నడుమ ఒక గింజ, చుట్టూ కాగితమంత పల్చటి రెక్క. గాలి ఎటు తీసుకుపోతే అటు. వాయులింగం కొలువున్న కాళహస్తికి ఇంత దగ్గర్లో ఉంటూ, గాలి తెచ్చి ఇచ్చినదాన్ని పీకి పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. అలాగని గోడలో వదిలేస్తే గోడ చీలుతుంది. అందుకే పళ్లెం.

ఆయుర్వేదంలో దీన్ని చిరబిల్వం అంటారు. బోన్సాయ్ పెంచేవాళ్లు లోకమంతటా మక్కువ పడే చైనా ఎల్మ్‌కు ఇది చుట్టం, ఒకే కుటుంబం. రాక్స్‌బరో అనే వృక్షశాస్త్రజ్ఞుడు 18వ శతాబ్దం చివర కోరమాండల్ తీరపు మొక్కల మీద వెలువరించిన గ్రంథంలో దీన్ని ఎల్మ్‌గానే ఎంచి 'అల్మస్ ఇంటిగ్రిఫోలియా' అన్నాడు. 1848లో ప్లాంషాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు విడదీసి 'హోలోప్టీలియా' అన్నాడు. గ్రీకులో హోలోస్ అంటే పూర్ణం. లాటిన్‌లో ఇంటిగ్రిఫోలియా అంటే అంచు కోతలు పడని నిండైన ఆకు కలది. రెండు భాషల్లోనూ పూర్ణత్వాన్ని పేరులో మోస్తున్న చెట్టు! అవ్వ ప్రశ్న అప్పుడు నాకు మరో రూపంలో ఎదురైంది. ఈశావాస్యం శాంతిమంత్రం పూర్ణంలోంచి పూర్ణాన్ని తీసినా మిగిలేది పూర్ణమే అంటుంది. వేరు తీసి, కొమ్మ తీసి, చివురు తుంచిన తర్వాత నా పళ్లెంలో మిగిలింది పూర్ణమా, తునకా?

మొదట వేరు సంగతి చెబుతాను, అసలు విషయమంతా అక్కడే ఉంది. మాఘమాసంలో, ఆకు రాలి మొగ్గ ఉబ్బుతున్నప్పుడు, చెట్టును పళ్లెంలోంచి ఎత్తాలి. వెదురుపుల్లతో మట్టి నెమ్మదిగా విడదీయాలి. కిందికి దిగే తల్లివేరును కోసేయాలి. చుట్టూ ఉన్న పీచువేర్లలో మూడోవంతు కత్తిరించి, తక్కినవాటిని చేతి వేళ్లలా పరచాలి. కొత్తమన్ను నేను ఇట్లా కలుపుతాను: ఎర్రమన్ను, స్వర్ణముఖి ముతక ఇసుక, పగలగొట్టిన ఇటుక ముక్కలు సమపాళ్లలో, జల్లెడ పట్టి దుమ్ము తీసేసి. దుమ్ము ఉంటే నీళ్లు నిలుస్తాయి, వేరు కుళ్లుతుంది. పైన ఒక పిడికెడు మాగిన ఆకుమన్ను. చెట్టు కుదురుకుని ఆకు విచ్చాక, నానబెట్టిన వేరుశనగ చెక్క నీళ్లు, అదీ పల్చగా.

తొలిసారి తల్లివేరు కోసినప్పుడు చెయ్యి వణికింది. పేరులో తల్లి ఉంది మరి. కానీ అది చేసే పని గమనిస్తే, తనకు కావలసిన నీటిని తానే వెతుక్కుంటానని ఒంటరిగా లోతుకు దిగడమే. దానికి ఎవరూ అక్కరలేదు. రామానుజుల సంప్రదాయంలో శరణాగతికి రెండు అర్హతలు చెబుతారు. ఒకటి ఆకించన్యం, అంటే నా దగ్గర నాదంటూ ఏ ఉపాయమూ లేదన్న ఎరుక. రెండోది అనన్యగతిత్వం, అంటే మరో దిక్కు లేకపోవడం. చదువుకున్న రోజుల్లో ఈ మాటలు పరీక్షకు పనికొచ్చాయి. తల్లివేరు తెగిన చెట్టు పళ్లెంలో కూర్చున్నప్పుడే వాటి బరువు తెలిసింది. ఇక అది పోయి వెతుక్కునే నీరు లేదు. రావాల్సిందే, ఎవరో పోయాల్సిందే.

కోతిపిల్ల తల్లిని కరుచుకుంటుంది, పిల్లికూనను తల్లే నోటితో పట్టుకుంటుంది. భక్తుడు దేనిలా ఉండాలని వడగలై, తెంగలై పెద్దలు తరాలుగా వాదించుకున్నారు. నా మిద్దె మీద రెండూ నిజమే. నీళ్లు పోసేది నేను, తాగేది మాత్రం ఆ పీచువేర్లే. తల్లివేరు తెగిన తర్వాతే అవి అన్నివైపులా దట్టంగా పుట్టుకొచ్చాయి. దిక్కు లేకపోవడం సోమరితనం కాదని వాటిని చూశాకే నమ్మాను.

ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. ఈ పోలికను మరో మనిషి మీద పెట్టడం పాపం. పిల్లల్ని అణచే పెద్దలూ, శిష్యుల్ని కట్టేసే గురువులూ తోటమాలి మాటలే వాడతారు. కత్తెర ఎవరి తల్లివేరు మీద వాళ్లే పెట్టుకోవాలి.

చివురు తుంచడం వేరు కోయడంకన్నా తేలిక, కానీ రోజూ కనిపెట్టాలి. కొన మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ కిందికి దిగి, కొమ్మ పొడవునా ఉన్న చిన్నమొగ్గల్ని నిద్రపుచ్చుతుంది. కొనను గిల్లితే ఆ పట్టు సడలి నిద్రపోయేవన్నీ లేస్తాయి. పైకి పోవాలన్న ఒక్క తహతహ నాలో ఎన్నిటిని నిద్రపుచ్చిందో లెక్క చూసుకున్నాను. పాట ఒకటి. స్నేహాలు నాలుగైదు.

ఇక తీగ. కొమ్మకు వంపు ఇవ్వడానికి అల్యూమినియం తీగ చుడతాం. కొన్ని వారాలకు కొమ్మ ఆ వంపును తనదిగా చేసుకుంటుంది, అప్పుడు తీగ తీసేయాలి. ఒక వానకాలం నేను మరిచాను. ఊరి పనుల మీద తిరిగి తిరిగి వచ్చి చూస్తే కాండం లావెక్కింది, తీగ బెరడులోకి దిగబడిపోయింది. ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీశాను. మెలికల గాడి ఇప్పటికీ ఉంది, వేలుపెట్టి తడిమితే తెలుస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది, మన పెద్దలు ప్రతి వ్రతానికీ ఉద్యాపన ఎందుకు పెట్టారో. నోము పట్టడం ఎంత శాస్త్రమో, చెల్లించి విరమించడమూ అంతే శాస్త్రం. ఒకప్పుడు నన్ను నిలబెట్టిన నియమాలు కొన్ని కాలం తీరాక కూడా నా మీద ఉండిపోయి మనసులోకి దిగబడ్డాయి. అవి ఇంట్లోవాళ్లకు ముందు తెలిశాయి, నాకు ఆలస్యంగా.

బోన్సాయ్‌కి తెలుగులో వామనవృక్షం అన్న మాట ఉంది. దీన్ని మించిన అనువాదం నాకు తోచదు. ఎందుకో తెలియాలంటే ఒక మిత్రుడి ఇంట్లో పళ్లెంలోని చింతచెట్టును చూడాలి. జానెడు పైన బెత్తెడు ఎత్తు. ఆకు మామూలు చింతాకులో సగం కూడా లేదు. కానీ కాసినప్పుడు, వేలాడిన ఆ ఒక్క కాయ ఏ రోడ్డు పక్క చింతకాయకూ తీసిపోని నిండుకాయ! ఇది ఆ ఒక్క చెట్టు వింత కాదు, బోన్సాయ్ ధర్మమే అంత. పళ్లెంలో ఆకు చిన్నదవుతుంది, పువ్వూ కాయా కావు. అందుకే ఆరితేరినవాళ్లు చిన్నకాయ జాతుల్నే ఎంచుకుంటారు, చూపుకు పొంతన కుదరడానికి. నా మటుకు నాకు ఆ పొంతన లేని చింతకాయే సాక్ష్యం. పొట్టి వటువు రూపంలో కొలత ఉంది, అడుగులో లేదు. ఆకు అంటే పరుచుకోవడం, వెలుగు పోగేసుకోవడం, చోటు ఆక్రమించడం. అది తగ్గుతుంది. గింజను మోసేది తగ్గదు. తిరుమల స్థలపురాణంలోనూ స్వామి తలదాచుకున్నది చింతచెట్టు కింది పుట్టలో. శాంతిమంత్రం వేసిన లెక్క నాకు పుస్తకంలోకంటే ఆ కాయ దగ్గర బాగా అర్థమైంది.

ఇంతవరకు వచ్చాక, పెంచేవాడి గురించి కూడా చెప్పాలి. తిరుమల తోటపనికి ఆదిపురుషుడు అనంతాళ్వారు. గురువు రామానుజుల మాట మీద కొండెక్కి, పూలతోట కోసం చెరువు తవ్వాడు. నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోస్తుంటే ఒక పిల్లవాడు వచ్చి సాయం పట్టాడు. ఈ సేవ మాది, నీకెందుకని అనంతాళ్వారు గునపం విసిరాడు. పిల్లవాడి రూపంలో వచ్చింది స్వామే, తగిలింది ఆయన గడ్డానికి. ఆ గునపం మహాద్వారం దగ్గర ఇప్పటికీ వేలాడుతోంది, గడ్డానికి పచ్చకర్పూరం ఇప్పటికీ పెడుతున్నారు. ఎన్నోసార్లు దాని కింద నడిచి వెళ్లాను, తల ఎత్తి చూశాను. నా మొక్క, నా పెంపకం, మరొకరు చెయ్యి పెడితే చెడిపోతుందని నేను మిద్దె తలుపుకు తాళం వేసుకున్న రోజులున్నాయి.

కిందటేడు కత్తిరి ఎండల్లో చిత్తూరులో మూడురోజులు ఉండాల్సి వచ్చింది. ఆ ఎండకు రెండంగుళాల లోతు పళ్లెం పూటలో ఎండిపోతుంది. ఇంట్లో ఎవరూ లేరు. తాళంచెవి తీసుకుపోయి అవ్వకిచ్చాను, పొద్దునా సాయంత్రమూ చెంబెడు నీళ్లు చాలని చెప్పాను.

తిరిగొచ్చి నేరుగా మిద్దె ఎక్కాను. ఆకు నిగనిగలాడుతోంది. పళ్లెం అంచుకు పసుపు పూసి ఉంది.

"రెండుపూటలా పోసినా నాయనా. దానికి పోసినాకనే నేను సంగటి తిన్నా."

"అప్పుడు నొప్పి అన్నావు కదవ్వా?"

కాసేపు చెట్టువైపు చూసింది. "నొప్పి సంగతి నాకేం తెలుసు. దప్పి మాత్రం ఉండాది."

తాళంచెవి చాచింది. ఉండనీ అన్నాను. మర్నాడు తెల్లారి నేను లేచి పైకి వెళ్లేసరికి, పళ్లెం అడుగు చిల్లుల్లోంచి అప్పటికే నీళ్లచుక్కలు పడుతున్నాయి.