ఎస్పోసిటో, పెంటమ్మ

పేర్ల పుట్టుక వెతకడం నాకు చదువుకునే రోజుల నుంచీ ఉన్న ఇష్టం. మన పేర్లవి కాదు, యూరప్ వాళ్లవి. సినిమా అయిపోయాక తెర మీద వరసగా వచ్చే పేర్లు, ఫుట్‌బాల్ ఆటగాళ్ల వీపుల మీది పేర్లు, పాత పాఠ్యపుస్తకాల అట్టల మీది పేర్లు, ఏది కనబడినా దాని వెనక ఏముందో తెలిసేదాకా నాకు తోచదు. రాబర్ట్‌లో కీర్తి, వెలుగు అనే రెండు పాత జర్మానిక్ మాటలున్నాయి. ఎడ్వర్డ్ అంటే సంపదకు కాపలావాడు. ఆ కాలంలో రెండు మంచి మాటలు తెచ్చి, కలిపి పేరు పెట్టేవారు. రెండూ కలిస్తే ఒక అర్థం రావాలన్న పట్టింపు పెద్దగా ఉండేది కాదు. 11వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని వూస్టర్‌కు బిషప్‌గా ఉన్న వుల్ఫ్‌స్టన్ తల్లి పేరు వుల్ఫ్‌గివు, తండ్రి పేరు ఎథెల్‌స్టన్. అమ్మ పేరులో ముందు సగం, నాన్న పేరులో వెనక సగం తీసి కొడుక్కి పెట్టారు. విడదీస్తే తోడేలు, రాయి. అర్థం వెతికితే దొరకదు కానీ, ఇద్దరి పేర్లూ బిడ్డలో ఉండాలన్న కోరిక కనిపిస్తుంది. ఇవాళ మన పిల్లలు తమ ఇద్దరి పేర్లలోంచి చెరో అక్షరం తీసి బిడ్డకు కొత్త పేరు కడుతుంటే, ఆ పేరుకు అర్థమేమిటని పెద్దవాళ్లు విసుక్కుంటారు. నేను విసుక్కోను. నాకు వుల్ఫ్‌స్టన్ గుర్తొస్తాడు.

ఒకే పేరు దేశాలు తిరిగి ఎన్ని రూపాలెత్తుతుందో చూడటం మరో సంతోషం. హీబ్రూలో యోహానాన్, యెహోవా దయ చూపాడని అర్థం. అదే ఇంగ్లండ్‌లో జాన్, స్పెయిన్‌లో హువాన్, ఇటలీలో జొవాన్ని, రష్యాలో ఇవాన్, ఐర్లండ్‌లో షాన్, తెలుగు చర్చిల్లో యోహాను. మా ఊరి చర్చి వీధిలో యోహానులు చాలామందే ఉండేవారు. పొద్దున్నే సద్దిమూట పట్టుకుని పనికి పోయే ఆ మనుషులకూ, రష్యా నవలల్లో మంచులో నడిచే ఇవాన్‌లకూ ఉన్నది ఒకే పేరని తెలిసినప్పుడు ఎవరికైనా చెప్పాలని మనసు కొట్టుకుపోయింది.

ఇంతటి ఇష్టాన్ని నేనెప్పుడూ అనుమానించలేదు. అనుమానం మొదలైంది ఎస్పోసిటో అనే ఇంటిపేరు దగ్గర.

ఇటలీలోని నేపుల్స్‌లో ఎక్కడ చూసినా వినబడే ఇంటిపేరు అది. లాటిన్‌లో దాని మూలానికి అర్థం, బయట వదిలేసిన వాడు. పెంచలేని తల్లులు, పెళ్లికాని తల్లులు బిడ్డను తెచ్చి అక్కడి అనున్సియాతా ఆశ్రమం గోడలో ఉన్న చెక్క చక్రంలో పెట్టేవారు. చక్రం తిప్పితే బిడ్డ లోపలికి వెళ్లేది. తెచ్చినవాళ్ల మొహం లోపలివాళ్లకు కనబడేది కాదు. ఆ పిల్లల్ని మేరీమాత బిడ్డలు అనేవారు, ఇంటిపేరు మాత్రం ఎస్పోసిటో. రోమ్ వైపు ఇలాంటి పిల్లలకు ప్రొయెత్తి, అంటే పారేసిన వాళ్లు. సిసిలీ వైపు త్రొవాతో, దొరికినవాడు. మిలాన్‌లో కొలొంబో, పావురం, ఎందుకంటే పిల్లల్ని తీసుకునే ఆసుపత్రి గుర్తు పావురం.

ఫ్లోరెన్స్‌లో ఇన్నొచెంతి, అమాయకులు. పట్టు వర్తకుల సంఘం డబ్బు పెట్టి, బ్రునెలెస్కి చేత 1419లో మొదలుపెట్టించిన అనాథాశ్రమం పేరే అది. అక్కడి పిల్లల్లో చాలామందికి అదే ఇంటిపేరైంది. ఆశ్రమం తలుపులు తెరిచింది 1445లో. ఫిబ్రవరి 5న మొదటి బిడ్డ వచ్చింది, ఆడపిల్ల. ఆ రోజు సెయింట్ అగాథా పండగ కాబట్టి అగాతా అని, దాని పక్కన స్మెరాల్దా అని పేరు పెట్టి పుస్తకంలో రాసుకున్నారు. స్మెరాల్దా అంటే పచ్చ. ఎవరో వదిలేసి పోయిన పిల్లకు ఒక పండగ పేరూ, ఒక రత్నం పేరూ.

అదే ఆశ్రమంలో ఇప్పుడున్న మ్యూజియంలో పిల్లలతోబాటు వదిలిన ఆనవాళ్లు దాచారు. పూసలు, రిబ్బన్ ముక్కలు, చిన్న శిలువలు, అన్నిటికన్నా నన్ను పట్టి ఆపేవి సగానికి విరిచిన లోహపు పతకాలు. సగం బిడ్డ బట్టల్లో పెట్టి, రెండో సగం తల్లి దగ్గర ఉంచుకునేది, ఏనాటికైనా వచ్చి రెండూ కలిపి చూపించి తన బిడ్డను అడగొచ్చని. విరిగిన అంచు గరుకుగా, పళ్లు పళ్లుగా ఉంటుంది. ఇంకే పతకం ముక్కా దానికి అతకదు. వదిలేసింది అని రాసే పుస్తకానికి ఆ గరుకు అంచు సంగతి తెలియదు.

ఈ కథను నేను ఎన్నిసార్లో ఇష్టంగా చెప్పాను. స్టాఫ్‌రూమ్‌లో చెప్పాను, పెళ్లిళ్లలో పక్కన కూచున్న వాళ్లకు చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు నిండుగా ఉంటుంది. అలా ఓసారి చెబుతుంటే విన్నామె అడిగింది, "మన పెంటమ్మ, పెంటయ్య లాంటి పేరేనా అండీ?" అని. ఔనని ఇంకో మాటలోకి దాటేశాను. పెంటమ్మ మా నాయనమ్మ పేరని చెప్పలేదు.

పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇంకెవరికో దొరికినట్టు ఎత్తుకొచ్చుకునేవారు మన ఊళ్లలో. తిని పారేసిన విస్తళ్లలో దొర్లించిన బిడ్డకు పుల్లయ్య, పుల్లమ్మ. చేటలో పెట్టి పక్కింటామెకు ఇచ్చి, గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంటే తవుటయ్య. దేవుడు చూసి ఇది ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకోవాలి, తీసుకుపోకూడదు. మా నాయనమ్మను అలా పెంట మీది నుంచి ఎత్తుకొచ్చారు. అంటే అంతకన్నా ప్రేమగా పెట్టిన పేరు మా ఇంట్లో ఇంకొకటి లేదు. నేపుల్స్‌లో నిజంగా వదిలేశారు. మా ఊళ్లో వదలలేక వదిలేసినట్టు చేశారు. ఈ తేడా నాకు చిన్నప్పుడే తెలుసు, అమ్మ చెప్పింది. అమ్మ కూడా అత్తగారి పేరు పలకకూడదని "మీ నాయనమ్మ పేరు" అనే చెప్పేది తప్ప ఆ మాట పైకి అనేది కాదు. అంతా తెలిసీ, ఆ పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు నా గొంతు తగ్గుతుంది. ఎస్పోసిటోకు తగ్గదు. ఎందుకు?

నాతో నేను చాలాకాలం వాదించుకున్నాక తేలింది ఇది. ఆ దూరపు పేర్లు నన్నేమీ అడగవు. ఎస్పోసిటో గురించి ఎంత చెప్పినా నేనెవరో, ఏ వీధి నుంచి వచ్చానో బయటపడదు. పెంటమ్మ అనగానే వినేవాళ్ల కళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. ఏ ఊరు, ఎంత చదువు, ఏమిటోళ్లు. ఆ లెక్క నాకెలా తెలుసంటే, కొత్తవాళ్ల ఇంటిపేరు వినగానే నాలోనూ అదే నడుస్తుంది. ఆపాలనుకుంటాను. ఆపేలోగానే లెక్క పూర్తయిపోతుంది. యూరప్ పేర్ల దగ్గర మాత్రం నా చెవికి ఆ విద్య లేదు. అక్కడ నాకు దొరికింది జ్ఞానం అనుకునేదాన్ని, అందులో సగం విశ్రాంతి.

ఇంగ్లండ్‌లో లావెండర్ అనే ఇంటిపేరుంది. పువ్వుకూ దానికీ సంబంధం లేదు. బట్టలుతికే వాళ్లను పాత ఫ్రెంచిలో పిలిచిన మాట నుంచి వచ్చింది. స్మిత్ అంటే కమ్మరి అని అందరికీ తెలుసు. జర్మనీ ష్మిట్, ఇటలీ ఫెర్రారి, హంగరీ కొవాచ్, రష్యా కుజ్‌నెత్సోవ్, అందరూ కొలిమి ముందు కూచున్న వాళ్ల సంతతే. 13, 14వ శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి దిగడం స్థిరపడింది. తర్వాత పని మారింది, పేరు మిగిలింది. లావెండర్ అనే ఆయన్ని చూసి మీ ముత్తాత ఎవరి బట్టలు ఉతికాడని ఎవరూ అడగరు.

మన దగ్గర విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను తాను దక్కించుకున్న ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. గౌరవంతో తలుచుకునే వాళ్లు కూడా చాకలి ఐలమ్మ అనే అంటారు. ఆ మాటను తలెత్తుకుని నిలబెట్టుకున్న వాళ్లూ ఉన్నారు, వాళ్ల హక్కది, దాన్ని ప్రశ్నించే అర్హత నాకు లేదు. నేను చూసుకోవలసింది నా నోటిని. లావెండర్ అనేటప్పుడు నేను ఒక చరిత్ర చెబుతున్నాను. చాకలి అనేటప్పుడు నా నోట్లోంచి వచ్చేది చరిత్రా, మా పెద్దలు వాకిట్లో నిలబడి పిలిచిన పిలుపా? ఒక్కోసారి రెండోదే అని నాకు వినబడుతుంది.

యూరప్ ఈ రోగం లేని చోటు అనుకోవడం కూడా నా సుఖం కోసమే. 1465లో ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ పాలనలో ఒక చట్టం వచ్చింది. డబ్లిన్, మీత్, లౌత్, కిల్డేర్ ప్రాంతాల్లో ఉండే ఐరిష్ వాళ్లు ఇంగ్లిష్ ఇంటిపేరు పెట్టుకోవాలి. ఊరి పేరు కావొచ్చు, సటన్, చెస్టర్, ట్రిమ్. రంగు కావొచ్చు, వైట్, బ్లాక్, బ్రౌన్. పని కావొచ్చు, స్మిత్, కార్పెంటర్. కొలువు కావొచ్చు, కుక్, బట్లర్. బజార్లో దొరికే సరుకుల పట్టీలా ఉంది. ఈ నాలుగింటిలో ఒకటి ఎంచుకుని, మీ తాతల పేరు వదిలేయండి అని.

యూదుల పేర్ల చరిత్ర చదివాక నేను కొన్నాళ్లు ఈ పుస్తకాలు ముట్టుకోలేదు. 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ తన రాజ్యంలోని యూదులంతా స్థిరమైన జర్మన్ ఇంటిపేర్లు పెట్టుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. 1808లో నెపోలియన్ ఫ్రాన్స్‌లో స్థిరమైన పేర్లు ఉండాలన్నాడు, 1812లో ప్రష్యా కూడా అదే షరతు పెట్టింది. ఫలానావారి కొడుకు ఫలానా అని బతుకుతున్న మనుషులు లెక్కల పుస్తకాలకు, పన్నులకు, సైన్యానికి వీలుగా మారాలి. మారారు. తరాలు గడిచేసరికి ఆ పేర్లలో చాలావాటిని చూసి ఎవరు ఎవరో చెప్పడం కష్టమైంది. అప్పుడు 1938 ఆగస్టులో హిట్లర్ ప్రభుత్వం ఇంకో ఆజ్ఞ తెచ్చింది. యూదులు పెట్టుకోదగిన పేర్ల జాబితా ఒకటి అచ్చు వేసింది. ఆ జాబితాలో లేని పేరున్న ప్రతి యూదు పురుషుడూ తన పేరుకు ఇజ్రాయెల్ అనీ, ప్రతి స్త్రీ సారా అనీ చేర్చుకోవాలి, 1939 జనవరి 1 నుంచి. సారా యూదుల ఆదితల్లి పేరు. తరతరాలుగా ఆడపిల్లలకు ముద్దుగా పెట్టుకున్న పేరు. దాన్నే తెచ్చి గుర్తింపు కార్డుల మీద ముద్రగా కొట్టారు.

పేరు వినగానే మనిషెవరో తెలిసిపోవాలి, తెలియకపోతే తెలిసేలా చేయాలి అన్నది ఆ ఆజ్ఞ వెనకున్న ఆలోచన. ఆ దారుణాన్నీ నా చెవిలో నడిచే లెక్కనూ ఒక గాటన కట్టను. అక్కడ లక్షల ప్రాణాలు పోయాయి. కానీ రైలు పెట్టెలో ఎదురుగా కూచున్న మనిషి ఒట్టి పేరు చెప్పి ఊరుకుంటే, "ఇంటిపేరేమిటమ్మా?" అని నా నోరు అడగబోతుందే, ఆ అడగడంలో కూడా తెలిసిపోవాలన్న పట్టుదలే ఉంది. అది ఎంత చిన్నదైనా నాదే.

ఈ మధ్య మా చెల్లెలి కూతురు వంశవృక్షం తయారుచేస్తోంది. అమెరికాలో ఉన్న పిల్లలందరికీ పంపాలని కంప్యూటర్లో అందంగా గీసింది. నాయనమ్మ పేరున్న చోట పద్మమ్మ అని ఉంది. ఎవరు చెప్పారో, ఎవరు మార్చారో నేను అడగలేదు, అడిగినా ఎవరి పేరో ఒకటి బయటికొచ్చేది తప్ప మరేం లాభం. మా మేనత్తకు మాత్రం ఫోన్ చేశాను. నాయనమ్మకు ముందు పుట్టి పోయిన పిల్లలకు పేర్లేమైనా పెట్టారా అని అడిగాను.

"పెట్టే ఉంటారమ్మా. పేరెత్తితే ఉన్నదాన్ని కూడా పిలుచుకుపోతారని మా అమ్మమ్మ ఎవరినీ తలవనిచ్చేది కాదు," అంది మేనత్త. అందుకే ఆ పిల్లల పేర్లు ఆమెతోనే పోయాయి. 1445లో ఫ్లోరెన్స్‌లో ఎవరి బిడ్డో తెలియని పిల్ల పేరు నాకు తెలుసు, ఏ రోజు పెట్టారో తెలుసు. మా నాయనమ్మ తోబుట్టువుల పేర్లు చెప్పగలిగిన మనిషి ఎక్కడా లేదు.

చెల్లెలి కూతురికి చెప్పి పద్మమ్మ తీయించాను. పెంటమ్మ అని రాయమన్నాను. ఆమె పక్కన, ముందు పుట్టి పోయిన పిల్లలకు కూడా ఖాళీ గళ్లు పెట్టి, పేర్లు తెలియవు అని రాయమన్నాను.

"ఇది అమెరికాలో అల్లుళ్లు, కోడళ్లు అందరూ చూస్తారు కదా పెద్దమ్మా," అంది.

"చూడనీ. ఆ పేరు ఎందుకు పెట్టారో కిందనే రాయి, చదువుకుంటారు," అన్నాను.