లెక్క అడిగే నోరు



"రాజకీయాలు చెడిపోయాయి, మనబోటి వాళ్లం ఏం చేయగలం?" ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మనలో వినిపించే మాట ఇది.

లూకా సువార్త 18వ అధ్యాయములో ప్రభువు ఒక వితంతువు కథ చెప్పారు. ఆమెకు ధనం లేదు, అండ లేదు. న్యాయాధిపతికి దైవభీతి లేదు. అయినా ఆమె విసుగు చెందక తిరిగింది. చివరికి లొంగినది న్యాయాధిపతే. ప్రార్థన ఎలా చేయాలో నేర్పే ఉపమానమిది. అయితే ప్రార్థనలో నేర్చిన పట్టుదలను గుడి గుమ్మములోనే విడిచి రావాలా?

రాజస్థానులో కరువు పనులకు వెళ్లిన కూలీలకు పూర్తి కూలి దక్కేది కాదు. మస్టర్లు చూపమంటే అధికారులు రహస్యమన్నారు. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుండి ఊరి ప్రజల ఎదుట ఆ లెక్కలు చదివించింది. కట్టని కట్టడాలకు బిల్లులు, పని చేయనివారి పేర కూలి బయటపడ్డాయి. 1996లో బ్యావర్ పట్టణములో 40 రోజులు ధర్నా చేశారు. ఆ కూలీలు రగిల్చిన ఉద్యమం దేశమంతా పాకి, 2005లో సమాచార హక్కు చట్టమైంది. కూలి లెక్క అడిగిన పేదలు దేశ పాలననే మార్చారు.

ఆ హక్కు నేడు మన చేతిలో ఉంది. దరఖాస్తుకు సాధారణంగా 30 రోజులలో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. కాని లెక్క అడిగినందుకు దెబ్బలు తిన్నవారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారు. అందుకే ఒంటరిగా కాదు, పదిమంది కలిసి అడగండి. గ్రామసభకు వెళ్లండి. 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పు వలన అభ్యర్థులు తమ ఆస్తులు, క్రిమినల్ కేసులు ప్రమాణపత్రములో తెలుపవలసి ఉంది. ఓటు వేసేముందు వాటిని చదివించుకొని వినండి.

ఒక్క మాట మన మనస్సాక్షికి. ఓటుకు నోటు పుచ్చుకున్నవారు రేపు రోడ్డు గురించి, బడి గురించి అడిగితే, "నీ బాకీ ఆనాడే తీర్చాను గదా" అంటాడు నాయకుడు. ఏమని బదులు చెప్పగలం? ఓటు హక్కే కాదు, బాధ్యత కూడానని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే గుర్తుచేసింది. పక్కవాని మేలు కొరకు దేవుడు మన చేతికిచ్చిన ఓటును అమ్ముకోవడం పాపమే. పాపసంకీర్తనకు సిద్ధపడే వేళ దీనినీ తలచుకొందాం.

ఆ వితంతువు పట్టుదలను ప్రభువు మనకును దయచేయుదురు గాక.