ఎవరి లోపము? ఎవరికి నింద?



ఇటువంటి సంగతి మన పత్రికలో వ్రాయవచ్చునా అని కొందరు అనుకొందురు. ఇండ్లలో గుసగుసగా నడుచు మాటనే పైకి అనుచున్నాము.

మా సంఘములో ఒక దంపతులకు ఏండ్ల తరబడి సంతానము లేదు. కూటములలో ఆమె పేరు పెట్టి ప్రార్థించితిమి. శ్రీమంతములకు ఆమెను పిలువని ఇండ్లు కలవు. పెద్దలమైన మేము చూచియు ఊరకుంటిమి. ఆమెకు ఏ లోపమును లేదనియు, భర్తకు వేరికోసిల్ అనియు, ఆ రిపోర్టు మొదటినుండి వారి బీరువాలోనే ఉన్నదనియు మాకు చాల ఆలస్యముగా తెలిసినది. "ఆయన పరువు పోతుందని చెప్పలేదు అయ్యగారూ" అన్నది ఆమె. (ఆ యిద్దరి అనుమతితోనే వ్రాయుచున్నాము.) ఆపరేషన్ చేయించుకొన్న మగతనము పోవునని ఆయన భయపడినాడట.

వేరికోసిల్ అనగా వృషణములనుండి రక్తమును పైకి తీసికొనిపోవు సిరలు ఉబ్బి మెలికలు పడుట. కొందరికి కాళ్ళ సిరలు ఉబ్బును గదా, అటువంటిదే. నీరు చేరు వరిబీజము వేరు. ఇది ఎక్కువగా ఎడమవైపు వచ్చును. ఆ వైపు సిర పొడవైనది, మూత్రపిండపు సిరలో లంబకోణముగా కలియును. సిరలోని కవాటములు సరిగా మూసికొననప్పుడు రక్తము వెనుకకు జారి నిలిచిపోవును. వృషణములు శరీరముకన్న రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండవలెను. అచ్చట వేడి పెరిగినచో వీర్యకణముల సంఖ్యయు చలనమును తగ్గవచ్చును.

పురుషులలో నూటికి సుమారు 15 మందికి ఇది కలదు, వారిలో అనేకులు తండ్రులే. సంతానము కలుగక వైద్యమునకు వచ్చు పురుషులలోనైతే నూటికి 35 నుండి 40 మందికి ఉండును. చాలామందికి నొప్పియే తెలియదు. దాంపత్యములో ఏ కొరతయు లేని పురుషునికి కూడ కణములు తక్కువగా ఉండవచ్చును. అవసరమైనవారికి చిన్న ఆపరేషన్‌తో ఆ సిరలను కట్టివేయుదురు. కొత్త కణములు తయారగుటకు రెండున్నర నెలలు పట్టును గనుక ఫలితము మూడు నుండి ఆరు నెలలకు తెలియును. అందరికి సంతానము కలుగునని చెప్పలేము.

ఆ భర్త ఎవరితోను అబద్ధమాడలేదు. తన శరీరపు సంగతి నలుగురికి చెప్పవలెనన్న నియమమును లేదు. అయితే తన ఎదుటనే భార్యను గొడ్రాలన్నప్పుడు ఊరకుండుట ఏమగును? నోరు తెరువకయే పలికిన అబద్ధసాక్ష్యమని మా అభిప్రాయము. రిపోర్టు చదివి వినిపించనక్కరలేదు, "లోపము ఆమెది కాదు" అన్న చాలును. ఆమె మౌనమును ప్రేమ అని మెచ్చుకొన్నవారున్నారు. మేము అంత త్వరగా మెచ్చుకొనలేము. అది తానుగా ఎత్తుకొన్న భారమో, వేరు దారి లేక మోసినదో ఆమెను ఎవరు అడిగిరి?

కరవువలన పరదేశము వెళ్ళిన నయోమి కుటుంబము మన వలస కుటుంబములకు బాగుగా తెలుసును. రూతుకు మహ్లోను ఇంట బిడ్డలు లేరు. బోయజు ఇంట ఓబేదు పుట్టెను. కారణము గ్రంథము చెప్పదు. ఆమెను గొడ్రాలని మాత్రము ఎక్కడను అనలేదు.

ఇప్పుడు ప్రార్థన కోరి వచ్చిన దంపతులలో భర్తనే ముందు అడుగుచున్నాము. "ఆమెకు అన్ని పరీక్షలూ చేయించామండీ" అందురు. "మీకో?" అని మరల అడుగుచున్నాము.