ఏమరుపాటు – హింస: మూసిన కారులో మూగజీవి

తెలుగు వాడుకలో ‘ప్రమాదం’ అంటే అపాయం, లేదా అనుకోకుండా జరిగిన దుర్ఘటన. ‘ప్రమాదవశాత్తు మరణించాడు’ అని పత్రికలో చదివిన పాఠకుడు అందులో ఎవరి తప్పూ లేదని అర్థం చేసుకుంటాడు. కాని సంస్కృతంలో ఈ పదానికి మూలార్థం వేరు. ప్రమాదమంటే ఏమరుపాటు, ఉంచవలసిన చోట దృష్టి ఉంచకపోవడం. దానికి వ్యతిరేకమైన ‘అప్రమత్తత’ అన్న మాటలో ఆ పాత అర్థం నేటికీ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి మనిషి బాధ్యతను గుర్తుచేస్తుండగా, రెండవది ఆ బాధ్యతను విధిమీదికి నెట్టివేయడం గమనార్హం. వేసవి ఎండలో నిలిపి ఉంచిన కారులో పెంపుడు కుక్క మరణిస్తే దానిని ఏ అర్థంలో ప్రమాదమనాలి? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న నీతిశాస్త్రంలోని ఒక పెద్ద ప్రశ్న వద్దకు తీసుకుపోతుంది. చంపాలన్న తలంపు లేని చోట హింస ఉంటుందా?

ముందుగా జరిగేదేమిటో తెలుసుకోవాలి. కారు అద్దాల గుండా లోపలికి వచ్చిన సూర్యకాంతిని సీట్లు, డ్యాష్‌బోర్డు పీల్చుకుని వేడెక్కుతాయి. అవి తిరిగి వెలువరించే వేడి లోపలి గాలికి చేరుతుంది. బయటికి పోయే దారిలేని ఆ గాలి క్షణక్షణానికీ మరింత వేడెక్కుతుంది. ఈ క్రమాన్ని అమెరికా పరిశోధకులు కొలిచి, 2005లో ‘పిడియాట్రిక్స్’ అనే వైద్యపత్రికలో ఫలితాలను ప్రకటించారు. వారి పరిశీలన ప్రకారం ఒక గంటలో కారు లోపలి ఉష్ణోగ్రత సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే జరిగిపోయింది. బయట 22 డిగ్రీలు మాత్రమే ఉన్న చల్లని రోజున కూడా లోపల 47 డిగ్రీల దాకా చేరింది. అద్దాన్ని కొద్దిగా దించి ఉంచడం వల్ల చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ముందుగా ఏసీతో కారును చల్లబరచినా లాభించింది కొద్ది నిమిషాలే. రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని చెప్పుకునే ప్రాంతంలో, బయటి వేడే 42 డిగ్రీల వద్ద మొదలయ్యే మధ్యాహ్నం, మూసిన కారులో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఆ వేడిని మనిషి శరీరం ఎదుర్కొనే తీరు వేరు, కుక్క శరీరం ఎదుర్కొనే తీరు వేరు. మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా అరికాళ్ళలోనే. అది శరీరాన్ని చల్లబరచడానికి ఏమాత్రం చాలదు. నాలుక చాపి రొప్పుతూ, నోటిలోని తేమను ఆవిరి చేసుకోవడమే దానికున్న ముఖ్యమైన మార్గం. మూసిన కారులో ఆ మార్గమే దానికి శత్రువవుతుంది. రొప్పేకొద్దీ లోపలి గాలిలో తేమ పెరుగుతుంది. తేమ పెరిగేకొద్దీ నోటి తడి ఆవిరి కావడం తగ్గుతుంది. సాధారణంగా 38, 39 డిగ్రీల మధ్య ఉండే దాని శరీరోష్ణోగ్రత 41 డిగ్రీలు దాటితే వడదెబ్బ తగిలినట్లే. నోటి నుంచి చొంగ కారడం, చిగుళ్ళు ఎర్రబడడం, వాంతులు, తూలిపోవడం కనిపిస్తాయి. ఆపై మెదడు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టి ముక్కు జాతులకు, ముసలి కుక్కలకు, ఊబకాయం ఉన్నవాటికి, చలి దేశాల నుంచి వచ్చిన దట్టమైన జూలు గల జాతులకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఇక్కడ ఒక వైపరీత్యం ఉంది. మండుటెండలో వీధికుక్క నిలిపి ఉన్న కారు కిందికి దూరి నీడ వెతుక్కుంటుంది. కుళాయి దగ్గరి తడినేలను కాళ్ళతో గీరి, ఆ చల్లదనంలో పొట్ట ఆనించి పడుకుంటుంది. యజమాని లేని జీవికి ఈ పాటి స్వేచ్ఛ ఉంది. అదే కారు లోపల, మెత్తటి సీటు మీద ఉన్న పెంపుడు కుక్కకు అది లేదు. దాని తలుపు తీసే చేయి దానిది కాదు. తిండి, నీరు, నడక, నీడ – అన్నింటినీ తన చేతిలోకి తీసుకున్న మనిషి, వాటితోపాటు దాని ప్రాణ బాధ్యతను కూడా పూర్తిగా స్వీకరించినట్లే. ఒక జీవికి స్వేచ్ఛ ఎంత తగ్గితే దానిని ఉంచుకున్నవాడి ధర్మం అంత పెరుగుతుంది.

మరొక విషయం కూడా ఆలోచించదగినది. కుక్కను కారులో వెంటబెట్టుకుని వెళ్ళేవాడు సాధారణంగా క్రూరుడు కాడు. దానిని ఇంట్లో ఒంటరిగా వదలలేకనే తీసుకువెళతాడు. ‘ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను’ అనుకుని దుకాణంలోకో, గుడిలోకో, పెళ్ళిమండపంలోకో నడుస్తాడు. వరుస పొడుగ్గా ఉంటుంది. పాత స్నేహితుడు ఎదురవుతాడు. ఐదు నిమిషాలు నలభై అవుతాయి. చెట్టు నీడన నిలిపామనుకున్నా, పొద్దుతోపాటు ఆ నీడ జరిగిపోతుంది. ఇందులో ద్వేషం లేదు; ఉన్నదల్లా వాత్సల్యమే. కాని వాత్సల్యం వేరు, శ్రద్ధ వేరు. మొదటిది మనసులో పుట్టే భావం. రెండవది ఎదుటి జీవి అవసరాన్ని దాని వైపు నుంచి చూడగలిగే అలవాటు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు.

జంతువుల గురించి ఏమీ తెలియనివారే ఇటువంటి పొరపాటు చేస్తారనుకోవడం కూడా సరికాదు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో 2009 జూన్ నెలాఖరున, మంచి ఎండ కాసిన రోజున, పోలీసు శాఖకు చెందిన రెండు శునకాలు నిలిపి ఉంచిన కారులో మరణించాయి. వాటి బాధ్యత వహించినవాడు శునకాల శిక్షణలో అనుభవజ్ఞుడైన పోలీసు ఉద్యోగి. వాటిని బాధించాలన్న తలంపు అతనికి ఉన్నదని ఎవరూ అనలేదు. అయినా 2010లో న్యాయస్థానం అతనిని దోషిగానే నిర్ధారించింది. శిక్ష విషయంలో మాత్రం కారాగారానికి పంపకుండా షరతులతో విడిచిపెట్టింది. తలంపు లేకపోవడం శిక్షను తగ్గించగలదే కాని బాధ్యతను తుడిచివేయలేదన్నది ఆ తీర్పులోని అంతరార్థం.

ఈ భేదం భారతీయ చింతనకు కొత్త కాదు. తలంపు ముఖ్యమా, ఫలితం ముఖ్యమా అన్న విషయమై బౌద్ధ, జైన సంప్రదాయాల మధ్య జరిగిన వాదం ప్రాచీనమైనది. పాళీ వాఙ్మయంలోని మజ్ఝిమ నికాయంలో ఉపాలి సుత్తం ఆ వాదానికే అంకితమైంది. బుద్ధుడు మనోవ్యాపారానికి ప్రాధాన్యమిచ్చాడు. కర్మకు మూలం సంకల్పమేనన్నాడు. జైనులు అక్కడితో ఆగలేదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో హింసను నిర్వచిస్తూ, ప్రమత్తమైన ప్రవర్తన వల్ల ప్రాణానికి హాని కలగడమే హింస అన్నాడు. నిర్వచనంలో ఆయన ఎంచుకున్నది ద్వేషం కాదు, ప్రమాదం, అంటే ఏమరుపాటు. ఈ రెండు సంప్రదాయాలూ ఒక చోట కలుస్తాయి. సంకల్పానికి పెద్దపీట వేసిన బుద్ధుడు కూడా తన చివరి ఉపదేశంలో శిష్యులను కోరింది అప్రమాదాన్నే. తలంపు లేదన్నది సమాధానం కావచ్చు. తలచుకోవలసిన వేళ తలచుకోలేదన్నది మాత్రం సమాధానం కాజాలదు.

మౌర్య చక్రవర్తి అశోకుని శాసనాల్లో ఈ దృష్టి పరిపాలన రూపం ధరించింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద కూడా లభించిన ఆయన రెండవ శిలాశాసనం మనుషులకూ పశువులకూ వైద్యసదుపాయాలు కల్పించడాన్ని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించడాన్ని పేర్కొంటుంది. ఎండలో ప్రయాణించే జీవికి కావలసినవి నీడ, నీరు అన్న ఎరుక అందులో ఉంది. దానికంటె సూక్ష్మమైన ఆదేశం ఆయన ఐదవ స్తంభశాసనంలో కనిపిస్తుంది. ప్రాణులున్న పొట్టును తగులబెట్టరాదని ఆ శాసనం నిషేధించింది. పొట్టు కాల్చే రైతుకు పురుగులమీద పగ లేదు. అతడు చేస్తున్నది కళ్ళాన్ని శుభ్రపరచడం మాత్రమే. అయినా నిప్పు పెట్టే ముందు లోపల ఏమున్నదో చూడమని రాజశాసనం కోరింది. కారు తలుపు మూసే ముందు లోపల ఎవరున్నారో చూడమనడం ఇరవైరెండు శతాబ్దాల నాటి ఆ ఆదేశానికి నేటి రూపమే.

ఇతిహాసంలోనూ శునకానికి ప్రత్యేక స్థానముంది. మహాభారత కథ తొలి ఘట్టాల్లోనే సరమ అనే దేవశునకం వస్తుంది. సత్రయాగం వద్దకు వెళ్ళిన దాని బిడ్డను, ఏ తప్పూ చేయకపోయినా, జనమేజయుని తమ్ముళ్ళు కొట్టారు. సరమ జనమేజయుని నిలదీసి, యుక్తాయుక్తాలు ఆలోచించక బలహీనులకు కీడు చేసేవారికి అనుకోని భయాలు ఎదురవుతాయని హెచ్చరించింది. నన్నయ ఆంధ్రీకరణం వల్ల ఈ ఘట్టం తెలుగువారికి చిరపరిచితం. కొట్టినది తమ్ముళ్ళే అయినా, జవాబు చెప్పుకోవలసి వచ్చింది యాగకర్త అయిన రాజు. ఎవరి అధీనంలో హాని జరిగిందో వారే ఉత్తరవాదులన్న నీతి ఇందులో ఉంది. అదే పర్వంలో మాండవ్యుని కథ ఉంది. పసితనంలో తెలియక పురుగులను పుల్లలతో గుచ్చినందుకు తాను కొరత అనుభవించవలసి వచ్చిందని తెలుసుకున్న ముని, ఆ శిక్ష అన్యాయమని యమధర్మరాజునే శపించి, పద్నాలుగేళ్ళ లోపు చేసిన పనికి పాపమంటదని కట్టడి చేశాడు. బాల్యంలోని అజ్ఞానాన్ని ఆ కథ క్షమించింది. పెద్దల అజ్ఞానానికి అటువంటి మినహాయింపు ఇవ్వలేదు. ఇక ఇతిహాసం చివర మహాప్రస్థానంలో ధర్మరాజు, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథమెక్కనన్నాడు. రథం దాకా వచ్చిన జీవిని వదలరాదన్నది ఆయన పట్టుదల. రథంలోనే వదిలి తాను దిగి వెళ్ళే కాలంలో ఆ పట్టుదలకు కొత్త అర్థం చెప్పుకోవలసి ఉంది.

ఆధునిక భారతదేశం ఈ భావనను చట్టంలోకి తెచ్చుకుంది. 1952లో రాజ్యసభకు నియమితులైన ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరండేల్, జంతుహింస నివారణకై స్వయంగా ఒక బిల్లును ప్రతిపాదించారు. ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందన్న ప్రధాని నెహ్రూ హామీపై ఆమె దానిని ఉపసంహరించుకున్నారు. ఆ హామీ ఫలితమే 1890 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 1960 జంతుహింస నివారణ చట్టం. జంతువును తన సంరక్షణలో ఉంచుకున్న ప్రతి వ్యక్తీ దాని క్షేమానికి, అనవసరమైన బాధ నివారణకు తగిన చర్యలన్నీ తీసుకోవడం విధి అని ఆ చట్టంలోని 3వ సెక్షను చెబుతుంది. 11వ సెక్షను మరింత స్పష్టం: తగిన శ్రద్ధ, పర్యవేక్షణ చూపకపోయిన యజమాని కూడా నేరం చేసినట్లే. అయితే కేవలం అశ్రద్ధ వల్ల దోషి అయినవానికి, జరిమానా చెల్లించే అవకాశం ఇవ్వకుండా కారాగార శిక్ష విధించరాదని అదే సెక్షను పేర్కొంది. క్రూరత్వానికీ ఏమరుపాటుకూ భేదం పాటిస్తూనే రెండింటినీ తప్పుగా పరిగణించిన ఈ తూకంలో, ఉమాస్వాతి నిర్వచనపు ఛాయ కనిపిస్తుంది. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణం, జీవులపట్ల కరుణ చూపడాన్ని పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా ప్రకటించింది. కాని చట్టం చేసిన నాడు తొలి నేరానికి నిర్ణయించిన జరిమానా యాభై రూపాయలకు మించదు. అటువంటి మొత్తం ఎవరినీ భయపెట్టదు. కనుక ఇక్కడ పని చేయవలసినది భయం కాదు, తెలివిడి.

మనుషులే ఎండకు మాడుతున్న దేశంలో కుక్కల గురించి ఇంత విచారమా అన్న ఆక్షేపణ సహజం. అది తోసిపుచ్చదగినది కాదు. యజమాని వచ్చేదాకా కారు పక్కన ఎండలో నిలబడే డ్రైవరు, కాలే తారు మీద బరువు లాగే కూలీ ముందుగా తలచుకోదగినవారే. కాని కరుణ ఒకరికి ఇస్తే మరొకరికి తరిగిపోయే ధాన్యం కాదు. పైగా మూసిన కారులో కుక్కను చంపే అజ్ఞానమే పసిబిడ్డలనూ బలిగొంటుంది. పైన చెప్పిన 2005 నాటి పరిశోధన జరిగింది కారుల్లో వదలిన పిల్లల క్షేమం కోసమే. ‘ఐదు నిమిషాలే కదా’ అన్న మాటను ప్రశ్నించడం నేర్చిన ఇంట్లో బిడ్డకూ, డ్రైవరుకూ, కుక్కకూ రక్షణ ఉంటుంది.

దారిన పోయేవాడికి కూడా ఈ విషయంలో ఒక ధర్మముంది. మూసిన కారులో కుక్క తూలుతూ కనిపిస్తే అతడేం చేయాలి? యజమాని కోసం వాకబు చేయడం, పార్కింగు సిబ్బందికీ పోలీసులకూ తెలియజేయడం మొదటి మెట్టు. ప్రాణం పోయే స్థితిలో అద్దం పగలగొట్టవచ్చునా అన్నది చివరి మెట్టు. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం 2015లో, కాలిఫోర్నియా 2016లో, నిర్ణీత నియమాలకు లోబడి అటువంటివారికి రక్షణ కల్పించాయి. భారతదేశంలో, పెద్ద హానిని నివారించడానికి నేరసంకల్పం లేకుండా, సద్బుద్ధితో చేసిన చిన్న హాని నేరం కాదన్న సూత్రం భారతీయ శిక్షాస్మృతి 81వ సెక్షనులో ఉండేది. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది 19వ సెక్షనుగా కొనసాగుతున్నది. మంటలు వ్యాపించకుండా ఇళ్ళను పడగొట్టేవాని ఉదాహరణతో ఆ సెక్షను ఈ సూత్రాన్ని వివరిస్తుంది. ప్రతి సందర్భాన్నీ న్యాయస్థానమే తేల్చవలసి ఉన్నా, గాజు పలక విలువనూ ప్రాణం విలువనూ ఒకే త్రాసులో తూచేటప్పుడు మొగ్గు ఎటు ఉండాలో చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. బయటికి తీసిన కుక్కను నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లని నీటితో తడిపి, గాలి విసరుతూ పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. స్పృహ తప్పిన దాని గొంతులో బలవంతంగా నీళ్ళు పోయరాదు.

వీటన్నిటికంటె సులభమైన మార్గం ఒకటుంది. దిగిన చోట కుక్కను కూడా వెంట దింపుకునే వీలు లేకపోతే, దానిని ఇంట్లో నీడన, నీటి గిన్నె పక్కన వదిలి రావడం. విడిచి వెళ్ళినందుకు అది తలుపు దగ్గర కాసేపు అలుగుతుంది. కాని సాయంత్రం యజమాని తిరిగి వచ్చేసరికి ఆ తలుపు దగ్గరే తోక ఊపుతూ నిలబడి ఉంటుంది.